చెట్లు కోయు మిషను వేడెక్కి పట్టివేయుట: సైలెన్సరు సంగతి

వేసవి గాలివానలు వచ్చిన మరునాటి ఉదయము హైదరాబాదులోని జూబిలీ హిల్సు, ఫిలింనగరు దారులలో పచ్చ తురాయి చెట్లు వేళ్లతో సహా ఒరిగి యుండుట ఏటేట చూచుచున్నదే. ఈ ప్రాంతమంతయు రాతిగుట్ట. బండ మీది పలుచని మట్టిలో వేరు లోతునకు దిగజాలదు. పై కొమ్మలు మాత్రము వేగముగ పెరుగును. తెలుగు చలనచిత్ర పరిశ్రమ మద్రాసు నుండి తరలివచ్చి ఇచ్చట స్థిరపడక పూర్వము ఇవి తుప్పలు, బండలు గల గుట్టలే. ఆ పూర్వరూపము చూడగోరువారు 1998లో జాతీయ వనముగ ప్రకటింపబడిన కాసు బ్రహ్మానందరెడ్డి వనములో ఒక గడియ నడచి రావచ్చును.

రైతుల పత్రికలో ఫిలింనగరు ప్రస్తావన దేనికని మీరు అనుకొనవచ్చును. గత వేసవిలో పనిమీద రాజధానికి పోయినపుడు అచ్చట నేను చూచిన ఒక రంపపు మిషను సంగతి మీకు చెప్పవలసియున్నది. మీ ఇంట మందు కొట్టు తైవాన్ స్ప్రేయరు ఉన్నను, గడ్డి కోయు బ్రష్ కట్టరు ఉన్నను దానిలోని ఇంజను సైతము చాలవరకు ఈ జాతిదే. కావున మిషను లేనివారు కూడ దీనిని చదువవచ్చును.

ఒక పెద్ద చెట్టు దారికి అడ్డముగ పడియుండెను. నలుగురు మనుషులు, ఒక మేస్త్రీ దానిని కోయుచుండిరి. మేస్త్రీ నల్లగొండ వైపు రైతు. రెండెకరముల మెట్ట గలదు. అప్పు చేసి మిషను కొని, సేద్యపు పని లేని వేసవిలో దానితో కూలి కోతకు వచ్చును. నేను చేరునప్పటికి మిషను నేల మీద నుండెను, ఆయన దాని ప్రక్కన తల పట్టుకొని కూర్చుండెను.

"మొన్న వానాకాలంలనే కొన్న సారూ. పొద్దుగాల మంచిగనే నడిచింది. ఒక్కపారి సన్నగ మొత్తుకొని బందైంది. గిప్పుడు తాడు గుంజినా వస్తలేదు" అనెను.

మిషను చల్లారు వరకు ఆగి, సైలెన్సరు మరలు విప్పించి, ఫోను దీపముతో లోనికి చూచితిని. పొగ రంధ్రము వైపు పిస్టను మీద నిలువు గీతలు లోతుగ పడియుండెను. సైలెన్సరును తిప్పి చూడగా దాని పెట్టెకు మూడు కొత్త రంధ్రములు కనిపించినవి. ఎవరు వేసిరని అడిగితిని.

"మా ఊరి కాడ మెకానిక్ ఏసిండు సారూ. పొగ మంచిగ బయటికి పోతే వేడి తక్కువైతదన్నడు. జోరు గూడ పెరిగింది."

ఆ మెకానిక్కు చెప్పినదానిలో సగము నిజము. తక్కిన సగము తెలియకపోవుట వలన ఇంజను చెడినది.

ఇంజను లోపల జరుగునది

ఇది టూ స్ట్రోకు ఇంజను. ట్రాక్టరుకు ఉన్నట్లు దీనికి వేరుగ ఇంజను ఆయిలు ఉండదు, నీటి రేడియేటరు ఉండదు, పొగను వదలుటకు వాల్వులు ఉండవు. సిలిండరు గోడకు ఒక ప్రక్క రంధ్రము ఉండును. పిస్టను క్రిందికి దిగినపుడు ఆ రంధ్రము తెరచుకొని కాలిన పొగ బయటికి పోవును. మరొక ప్రక్క రంధ్రముల నుండి పెట్రోలు, గాలి, ఆయిలు కలిసిన కొత్త ఆవిరి లోనికి వచ్చి మిగిలిన పొగను నెట్టును. కోతలో ఇంజను నిమిషమునకు 10,000 చుట్లు తిరుగుననుకొనుడు. సెకనుకు 160 మారులకు పైగా ఈ తలుపు తెరచి మూయవలెను. ఆ లెక్కన ఒక్కొక్క మారు పొగకు దొరకు వ్యవధి ఎంత స్వల్పమో మీరే ఊహింపవచ్చును.

పెట్రోలు వేడిలో నాలుగవ వంతు కూడ గొలుసును తిప్పుటకు ఉపయోగపడదు. మిగిలినదంతయు వృథా వేడి. అది పోవుటకు దారులు కొన్నియే. చాల భాగము పొగతో సైలెన్సరు గుండా పోవును. కొంత సిలిండరు చుట్టునున్న రెక్కల మీదుగ ఫ్లైవీలు విసరు గాలితో పోవును. లోనికి వచ్చు చల్లని పెట్రోలు ఆవిరి కూడ పిస్టనును కొంత చల్లబరచును. ఈ మూడవ దానిని చాలమంది గమనింపరు. పెట్రోలు కేవలము మంటకే కాదు, చల్లదనమునకు కూడ. దానిలో కలిసిన ఆయిలే పిస్టనుకు జారుడు.

మోటారు సైకిలు సైలెన్సరు ఇంజనుకు దూరముగ, పొడవుగ ఉండును. రంపపు మిషనులో అట్లు వీలుకాదు. చేతిలో పట్టుకొను మిషను గనుక సైలెన్సరు ఒక చిన్న రేకు పెట్టెగ సిలిండరుకే బిగించబడి యుండును. 500 డిగ్రీలకు మించిన వేడి గల పొగ ఆ పెట్టెలో తిరిగి, శబ్దము తగ్గి, కోయువానికి తగులకుండ ముందునకు పోవునట్లు దాని నోరు అమర్చియుందురు. పెట్టె ఎంత ఉండవలెను, నోరు ఎంత ఉండవలెను అనునది కంపెనీవారు కార్బురేటరుతో కలిపి లెక్క కట్టినదే. ఆ రెండింటిలో ఒకదానిని మార్చి రెండవదానిని అట్లే విడిచినచో లెక్క తప్పును.

పిస్టను అల్యూమినియము మిశ్రమము. 45 మిల్లీమీటర్ల వ్యాసము గల పిస్టను 100 డిగ్రీలు అధికముగ వేడెక్కినచో సుమారు 0.09 మిల్లీమీటరు లావగును. పిస్టనుకు, సిలిండరు గోడకు నడుమ సందు కూడ మిల్లీమీటరులో పదవ వంతునకు లోపే. సిలిండరు కూడ వ్యాకోచించును గాని రెక్కల గాలి వలన అంతగా వేడెక్కదు. పిస్టను మాత్రము లోపల చిక్కుకొన్నది. సందు పోయి, నూనె పొర కాలిపోయి, మెత్తబడిన అల్యూమినియము గోడకు అంటుకొనును. దీనినే మనవారు 'ఇంజను పట్టేసింది' అందురు. అన్నిటికన్న వేడి తగులునది పొగ రంధ్రము వైపే గనుక గీతలు సాధారణముగ ఆ వైపుననే మొదలగును.

పొగ దారి మూసుకొనిపోయినచో

వెనుకటి లూనా, రాజ్‌దూత్, చేతక్ బండ్లు నడిపినవారికి ఈ జబ్బు తెలియును. బండి ఎత్తు ఎక్కలేకపోయినపుడు సైలెన్సరు విప్పి, గడ్డిలో వేసి కాల్చి, మసి రాల్చి బిగించెడివారు. రంపపు మిషనులో ఆ మసి రెండు చోట్ల చేరును: సిలిండరు పొగ రంధ్రపు అంచుల మీదను, సైలెన్సరు నోటికి ఉండు నిప్పురవ్వల జాలీ మీదను. జాలీ గోలీ అంతయే గనుక త్వరగ నిండును.

జాలీ నిండినచో పొగ పూర్తిగ బయటికి పోదు. మిగిలిన వేడి పొగ మీదనే కొత్త ఆవిరి వచ్చి పడును. మంట మందమగును, జోరు తగ్గును. కోయువాడు జోరు తగ్గినదని మిషనును చెట్టుకు అదిమి పట్టును, అందువలన వేడి మరింత పెరుగును. తాడు లాగగనే ఇంజను అందుకొనుట, ఖాళీగా బాగుగ తిరుగుట, కోతలో మాత్రము నీరసించుట దీని గుర్తు. ఇట్టి మిషనుకు ముందుగ కార్బురేటరు ముట్టక జాలీ చూడవలెను. ప్లగ్గు మార్చి, ఫిల్టరు మార్చి, డబ్బు ఖర్చుపెట్టి, చివరకు జాలీ వద్దకు వచ్చినవారిని నేను పలువురిని ఎరుగుదును.

మసికి కారణము ఎక్కువగ ఆయిలే. ఇంజను మేలుకోరి ఒక మూత ఆయిలు అదనముగ పోయు అలవాటు మన గ్రామములలో బాగుగ పాతుకొన్నది. దీనివలన రెండు నష్టములు. కాలని ఆయిలు మసియై పొగ దారిని మూయును. పైగా కార్బురేటరు రంధ్రము గుండా పోవు ద్రవములో ఆయిలు వంతు పెరిగిన మేరకు పెట్రోలు వంతు తగ్గును. అనగా చల్లబరచునది తగ్గును. మిషనుతో ఇచ్చిన పుస్తకములో 50కి 1 అని ఉన్నచో లీటరు పెట్రోలుకు 20 మిల్లీలీటర్లు, 25కి 1 అని ఉన్నచో 40 మిల్లీలీటర్లు. కొలగ్లాసుతో కొలిచి, డబ్బాలో కలిపి, కుదిపి, పిమ్మట ట్యాంకులో పోయవలెను. ట్యాంకులోనే ఆయిలు, పెట్రోలు వేరువేరుగ పోయరాదు.

జాలీని విప్పి ఇత్తడి తీగ బ్రష్షుతో రుద్దినచో మసి పోవును. పొగ రంధ్రపు మసి తీయునపుడు తొందర పనికిరాదు. సైలెన్సరు తీసి, తాడు మెల్లగ లాగి, పిస్టను ప్రక్క గోడ రంధ్రమును పూర్తిగ మూయు స్థితిలో నిలుపవలెను. అపుడు రాలిన మసి లోపల పడదు. గీకుటకు వెదురు పుల్ల వాడుడు. స్క్రూడ్రైవరుతో గీకి పిస్టను మీదను, రంధ్రపు అంచు మీదను గాట్లు పెట్టుకొన్నచో రింగులు అచ్చట తగులుకొనును. బిగించునపుడు సైలెన్సరు వెనుక ప్యాకింగు, వేడి తగులకుండ ఉండు రేకు మరువరాదు. అవి లేనిచో వేడి పొగ సందులనుండి సిలిండరు మీదికే వచ్చును. ఫ్లైవీలు విసరు గాలి కూడ వేడి గాలియే యగును. మరలు వదులైన సైలెన్సరు చేయు కీడు కూడ ఇట్టిదే. రోజూ పని ముగిసి మిషను చల్లారిన పిమ్మట ఆ మరలను ఒకసారి తాళము వేసి చూచుట మంచిది.

పొగ దారి అతిగా తెరచినచో

ఇక మన మేస్త్రీ మిషను జబ్బు దీనికి సరిగా వ్యతిరేకము. జాలీ మూసుకొని వేడెక్కిన మిషనుకు పొగ దారి విడిపించినచో వేడి తగ్గునన్నది నిజమే. దారి ముందే సరిగా ఉన్న మిషనుకు అదనముగ మూడు రంధ్రములు వేయుట వేరు సంగతి. పొగ సులువుగ పోవును, దానితో లోనికి వచ్చు గాలి పెరుగును. పెట్రోలు మాత్రము కార్బురేటరు స్క్రూ విడిచిన మేరకే వచ్చును. గాలి ఎక్కువై పెట్రోలు తక్కువైన మిశ్రమము మెకానిక్కుల భాషలో 'లీను'. లీను మిశ్రమము వేడిగ మండును. పిస్టనుకు చేరు చల్లదనము, ఆయిలు రెండును తగ్గును. చుట్లు మాత్రము పెరుగును. అందుచేతనే జోరు పెరిగినట్లు తోచును. పట్టివేయుటకు ముందు మిషను ఎన్నడూ లేనంత బాగుగ నడచినదని పలువురు చెప్పుదురు. మేస్త్రీ 'సన్నగ మొత్తుకొన్నది' అన్నది ఈ ధ్వనియే.

ఇదే జబ్బును ఇపుడు మరొకటి పెంచుచున్నది. మన బంకులలోని పెట్రోలులో ఇథనాలు కలుపుచున్నారు. 2025 నాటికి దేశములో ఇది 20 శాతమునకు చేరినది. ఇథనాలులో ప్రాణవాయువు ఇమిడియున్నది. కావున పాత పెట్రోలుకు సరిపెట్టిన స్క్రూతో ఈ పెట్రోలు పోసినచో మిశ్రమము తనంతట తానే కొంత లీనగును. సైలెన్సరు ముట్టకున్నను ఇది జరుగును. ముట్టినచో రెండును కలియును. ఇథనాలు నీటిని కూడ పీల్చును. నెలల తరబడి డబ్బాలో నిలువయున్న పెట్రోలులో నీరు, ఇథనాలు కలిసి అడుగునకు దిగును. ఆయిలు పై పెట్రోలులోనే ఉండిపోవును. ట్యాంకులోని పీల్పు గొట్టము అడుగునుండియే లాగును గదా, ఇంజనుకు ఆయిలు లేని ద్రవము అందును. ఒక నెలకు సరిపడునంతకు మించి కలిపి ఉంచరాదు.

కార్బురేటరుకు సాధారణముగ మూడు స్క్రూలు: ఇంజను నెమ్మదిగ తిరుగునపుడు పెట్రోలుకు 'ఎల్', పూర్తి వేగములో పెట్రోలుకు 'హెచ్', ఖాళీ వేగమునకు మూడవది. కొత్త మిషన్లలో కొన్నిటికి వీనిపై అడ్డు మూతలుండును, కొన్ని తమంతట తామే సరిపెట్టుకొనును; వానిని బలవంతముగ త్రిప్పరాదు. స్క్రూ ఉన్న మిషనులో 'హెచ్' స్క్రూను గడియారపు ముల్లుకు ఎదురుగ త్రిప్పినచో పెట్రోలు పెరుగును. చెవి దీనికి మంచి కొలబద్ద. గొలుసు చెట్టుకు తగులకుండ పూర్తి యాక్సిలరేటరు ఒక్క క్షణము ఇచ్చినపుడు ఇంజను కొంచెము బుడబుడమని తడిసిన ధ్వని చేయవలెను. గొలుసు కట్టెలో దిగగనే ఆ ధ్వని పోయి శుభ్రముగ పలుకవలెను. ఖాళీలోనే కీచుమని సన్నగ ఏడ్చుచున్నచో లీనుగ ఉన్నది, ఆపివేయవలెను. ప్లగ్గు కూడ చెప్పును: కాఫీ పొడి రంగు సరియైనది, సున్నపు తెలుపు లీను, తడి నలుపు పెట్రోలు లేక ఆయిలు అధికము.

రంధ్రములు వేసిన సైలెన్సరుకు మరొక దోషము కలదు. నిప్పురవ్వలు జాలీ దాటి ప్రక్కకు పోవును. చైత్ర వైశాఖములలో ఎండు గడ్డి గల గట్టు మీద ఈ మిషను పెట్టినచో ఏమగునో చెప్పనక్కరలేదు. పూర్తిగ జాలీ తీసివేయు వారు కూడ ఉన్నారు. ఎండకాలములో అది తగదు.

పిస్టను మీది గీతలు చదువుట

మిషను పట్టివేసినపుడు మొదట చేయకూడని పని తాడు బలముగ లాగుట. చల్లారనిచ్చి, ప్లగ్గు తీసి, మెల్లగ కదల్చి చూడవలెను. పిమ్మట సైలెన్సరు తీయుడు. సిలిండరు విప్పనక్కరలేకుండ పిస్టనును చూచుటకు ఇది సులువైన కిటికీ. పని పది నిమిషములు. పొలములోనే చేయవచ్చును. మెకానిక్కు వద్దకు పోవుటకు ముందు మీరే చూచినచో తరువాత అతడు చెప్పునది మీకు అర్థమగును.

గీతలు పొగ రంధ్రము వైపే ఉన్నచో వేడి లేక లీను మిశ్రమము. పిస్టను చుట్టూ గీతలున్నచో ఆయిలు లేని పెట్రోలు పోసినారు. ఈ పొరపాటు ఒకరి డబ్బా మరొకరు తెచ్చినపుడు జరుగును. గాలి వచ్చు వైపున మందముగ అరిగి, మసకబారియున్నచో ఫిల్టరు గుండా దుమ్ము పోవుచున్నది. చలికాలపు ఉదయము ఇంజను అందుకొనగనే పూర్తి యాక్సిలరేటరు ఇచ్చినచో పిస్టను ఒక్కసారిగ లావై నాలుగు మూలల గీతలు పడును. పొగ రంధ్రమునకు ఎదురుగ ఒకటి రెండు గీతలు మాత్రము లోతుగ ఉన్నచో మసి పెళ్ల ఊడి చిక్కుకొనియుండును.

కారణము తెలియక కొత్త పిస్టను వేసినచో అదియు పట్టివేయును. లీను అయినదని తెలిసినను స్క్రూ ఒక్కటే నేరస్థుడు కాదు. కార్బురేటరు వద్ద రబ్బరు చీలినను, క్రాంకు సీలు అరిగినను గాలి దొంగతనముగ లోనికి పోవును. యాక్సిలరేటరు వదిలిన పిమ్మట ఇంజను వెంటనే దిగక కొంతసేపు వేగముగనే తిరుగుచున్నచో ఇట్టి గాలి ఉన్నదని అనుమానింపవలెను. స్క్రూతో దీనిని సరిచేయుట కుదరదు.

కోతలో

మొండి గొలుసు కూడ ఇంజనును చంపును. పొడి బదులు రవ్వ వంటి చెక్క తునకలు రాలుచుండవలెను. పిండి వంటి పొడి వచ్చుచున్నచో గొలుసు పదును పోయినది. అపుడు అదుముట మాని ఆకురాయి పట్టుడు.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస సమీపమున తీరము దాటినపుడు శ్రీకాకుళము ఉద్దానములో కొబ్బరి, జీడిమామిడి తోటలు నేలకొరిగినవి. 2014 అక్టోబరు 12న విశాఖపట్టణమున హుద్‌హుద్ వచ్చినపుడు నగరమంతయు చెట్లే అడ్డము. అట్టి దినములలో దారి తెరచుటకు, వైద్యునికి, కరెంటు మనుషులకు త్రోవ ఇచ్చుటకు రంపపు మిషనే ఆధారము. కొబ్బరి మాను కోతలో ప్రత్యేకమైన చిక్కు కలదు. దాని పీచు తడితో కలిసి ఫ్లైవీలు మూత సందులలోను, సిలిండరు రెక్కల నడుమను మెత్తగ పేరుకొనును. మాను పై పొర గట్టిదగుటచే గొలుసు త్వరగ మొద్దుబారును. కొబ్బరి కోయువారు ప్రతి ట్యాంకుకు ఒకమారు మూత సందులు ఊదవలెను, సాయంకాలము మూత విప్పి రెక్కలను పుల్లతో తీయవలెను. సరుగుడు, జామాయిలు కోతలో ఇంత పీచు ఉండదు గాని దినమంతయు ఎడతెగక నడపుదురు.

పెద్ద కోత ముగియగనే స్విచ్చి ఆపరాదు. అర నిమిషము, నిమిషము ఖాళీగా తిరుగనిచ్చినచో ఫ్లైవీలు గాలి సిలిండరు వేడిని తీసికొనిపోవును. అటులని ముచ్చట్లు చెప్పుకొనుచు పావుగంట అట్లే విడిచినచో మసి పేరుకొనును.

గ్రామ పంచాయతీ మిషను గలచోట కార్యదర్శులు ఒక పని చేసినచో బాగుండును. మిషనుతో పాటు ఒక చిన్న నోటు పుస్తకము, కొలగ్లాసు, రంగు వేసి 'ఆయిలు కలిపినది' అని వ్రాసిన డబ్బా ఉంచి, తీసికొనిపోవువాని పేరు, పెట్రోలు కలిపిన తేదీ, జాలీ శుభ్రము చేసిన తేదీ వ్రాయించవలెను. పది చేతులలో తిరుగు మిషను చాలవరకు డబ్బా పొరపాటుననే చెడును.

ఫిలింనగరులో ఆనాడు చెట్టును మరొకరి మిషను తెచ్చి కోసిరి. మేస్త్రీ సిలిండరు విప్పించి చూడగా గోడ పూత ఊడలేదు. అంటుకొన్న అల్యూమినియము మాత్రము తీయించి, పిస్టను, రింగులు మార్చి, కంపెనీ సైలెన్సరే తిరిగి వేయించినాడు. జోరు మునుపటికన్న తక్కువగ ఉన్నదని ఫోనులో నాతో ఫిర్యాదు చేసినాడు. 'హెచ్' స్క్రూ ముట్టవద్దని, ఖాళీలో బుడబుడ వినిపించుచున్నదా అని అడిగితిని. వినిపిస్తున్నదన్నాడు.